లేత్‌లో జాబ్ సెంటర్ పట్టే పనిముట్టు: చేతులతో చేసుకున్నా, బాధ్యత యజమానిదే

చక్‌లో పట్టించిన పళ్ళెం లాంటి జాబ్ ఊగుతుంటే మీరేం చేస్తారు? చాలా షాపుల్లో జరిగేది ఒకటే. మిషన్ తిరుగుతుండగానే సుత్తి పిడినో, చెక్కముక్కనో చేత్తో పట్టుకుని జాబ్ ఫేసుకు ఆనించి నెడతారు. తొమ్మిదిసార్లు పని అయిపోతుంది. పదోసారి చెక్కముక్క జారిందంటే దాని వెనకాలే చెయ్యి కూడా చక్ మీదికి వెళ్తుంది.

ఈ నెల పాఠం ఆ చెక్కముక్కకు బదులు వాడే ఒక చిన్న పనిముట్టు గురించి. ఒక ఇనుప కడ్డీ, ఒక బేరింగు, ఒక బోల్టు ఉంటే చాలు, ఎవరైనా చేసుకోవచ్చు. దాంతోపాటు ఇంకో సంగతి కూడా తెలుసుకుందాం. పనిముట్టు మనం చేసుకున్నదే అయినా, షాపులో దాన్ని వాడినప్పుడు భద్రత బాధ్యత ఎవరిది?

మన పత్రిక చదివేవాళ్ళలో ఎక్కువమంది కట్టడం పనిలో, ఇళ్ళ పనిలో ఉన్నారు కదా, లేత్ ఎందుకు అంటారేమో. మిషిగన్‌లో చలికాలం వస్తే కట్టడం పనులు తగ్గిపోతాయి. ట్రాయ్‌లో, పక్కనున్న మాడిసన్ హైట్స్, స్టెర్లింగ్ హైట్స్, వారెన్‌లలో కార్ల పరిశ్రమకు విడిభాగాలు, అచ్చులు చేసే మిషన్ షాపులు ఉన్నాయి. మన ఊళ్ళో ఐటీఐలో టర్నర్ ట్రేడో, ఫిట్టర్ ట్రేడో చదివినవాళ్ళు, బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో లేత్ మీద చెయ్యి తిరిగినవాళ్ళు ఇక్కడ ఆ పని వెతుక్కోవడం సహజం. లేత్ ముట్టనివాళ్ళకు కూడా పాఠం రెండో సగం పనికొస్తుంది. సొంతంగా చేసుకున్న పనిముట్టు తాపీ మేస్త్రీ దగ్గరా ఉంటుంది, వడ్రంగి దగ్గరా ఉంటుంది.

ముందు జబ్బు ఏమిటో తెలుసుకోండి

జాబ్ ఊగడంలో రెండు రకాలున్నాయి. రెండూ ఒకటి కాదు, రెండిటికీ మందు వేరు.

మొదటిది, సెంటర్ తప్పడం. జాబ్ నడిమధ్య బిందువు మిషన్ ఇరుసు మీద లేదు. తిరిగేటప్పుడు బయటి అంచు ఒకసారి దగ్గరికి, ఒకసారి దూరంగా పోతుంది.

రెండోది, ఫేసు వాలడం. సెంటర్ సరిగ్గానే ఉంది, కానీ పళ్ళెం ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. తిరిగేటప్పుడు ఫేసు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. పల్చటి పళ్ళేలు, ఫ్లాంజులు, వాషర్ లాంటి జాబ్‌లు జాస్ అంచున కొంచెమే పట్టుకుని ఉంటాయి. వెనక ఆనిక లేకపోతే ఇలా ఒరుగుతాయి.

మనం చేసుకోబోయే పనిముట్టు ప్రధానంగా రెండో జబ్బుకు మందు. మొదటి జబ్బుకు ఫోర్ జా చక్, డయల్ గేజ్ కావాలి. దాని సంగతి చివర చెప్పుకుందాం.

ఇది ఎలా పనిచేస్తుంది?

కుమ్మరి చక్రం గుర్తు తెచ్చుకోండి. మట్టిముద్ద చక్రం మీద ఊగుతుంటే కుమ్మరి దాని వెంట చేతిని తిప్పడు. చేతిని ఒక్కచోటే కదలకుండా పెడతాడు. ముద్దే తిరిగి తిరిగి ఆ చేతికి సర్దుకుంటుంది. ఇక్కడా అంతే. టూల్ పోస్టులో బిగించిన బేరింగు కదలదు. జాబ్ ఫేసులో ముందుకు పొడుచుకొచ్చిన చోటు వచ్చినప్పుడల్లా బేరింగు దాన్ని కొంచెం వెనక్కి నెడుతుంది. అంచు చుట్టూ ప్రతి చోటూ బేరింగుకు ఒకే దూరంలో వచ్చేసరికి ఫేసు తిన్నగా అయినట్టే. చెక్కముక్క జాబ్‌ను రాసుకుంటుంది, బేరింగు మాత్రం దానితోపాటు దొర్లుతుంది. అందుకే లాగదు, పట్టుకోదు. అన్నిటికంటే ముఖ్యం, నెట్టేది మిషన్, మన చెయ్యి కాదు.

కావలసినవి

• 16 మి.మీ. చదరపు ఇనుప కడ్డీ, పొడవు 125 మి.మీ. అమెరికా లెక్కలో ముప్పాతిక కంటే కొంచెం తక్కువ, అంటే 5/8 అంగుళం మందం, 5 అంగుళాల పొడవు. మీ టూల్ పోస్టులో పట్టే మందం ముందు కొలుచుకోండి.
• 6200 నంబరు బాల్ బేరింగు ఒకటి. లోపలి రంధ్రం 10 మి.మీ., బయటి వ్యాసం 30 మి.మీ., మందం 9 మి.మీ. రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నది, అంటే పెట్టె మీద 2ఆర్ఎస్ అని రాసినది తీసుకోండి. లోపలికి రజను పోదు.
• ఎం10 బోల్టు, 30 మి.మీ. పొడవు. తల పల్చగా ఉంటే మంచిది.
• చిన్న వాషర్లు రెండు. ఇవి బేరింగు లోపలి రింగుకే తగలాలి. మామూలు ఎం10 వాషర్ పెద్దదైపోయి సీలును రాస్తుంది, కాబట్టి బయటి వ్యాసం 15 మి.మీ.కు తగ్గించుకోండి.
• బోల్టు వదులు కాకుండా మరలకు రాసే జిగురు.

తయారీ

1. కడ్డీ రెండు చివరలూ చదునుగా చేసి, పదును అంచులన్నీ ఆకురాయితో తీసేయండి. పిడి లేని ఆకురాయి వాడొద్దు, తోక అరచేతిలో దిగుతుంది.

2. ఒక చివర నడిమధ్యన గుర్తు పెట్టి సెంటర్ పంచ్ కొట్టండి. మూలనుంచి మూలకు రెండు గీతలు గీస్తే అవి కలిసేచోటే నడిమధ్య.

3. కడ్డీని వైసులో నిలువుగా బిగించి 8.5 మి.మీ. డ్రిల్లుతో 25 మి.మీ. లోతు రంధ్రం వేయండి. చేత్తో పట్టుకుని డ్రిల్లింగ్ చెయ్యొద్దు.

4. ఎం10 ట్యాపుతో సుమారు 20 మి.మీ. లోతు మరలు తీయండి. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ, నూనె వేస్తూ పోతే ట్యాపు విరగదు.

5. బోల్టుకు ఒక వాషరు, తర్వాత బేరింగు, తర్వాత రెండో వాషరు ఎక్కించండి. మరలకు జిగురు రాసి కడ్డీ చివర బిగించండి.

6. వేలితో బేరింగు బయటి రింగు తిప్పి చూడండి. బోల్టు గట్టిగా బిగిసి ఉన్నా రింగు నునుపుగా తిరగాలి. బిగిసిపోతే వాషరు పెద్దదైందన్నమాట.

ఇప్పుడు చూడండి. కడ్డీ సగం మందం 8 మి.మీ., బేరింగు సగం వ్యాసం 15 మి.మీ. అంటే బేరింగు కడ్డీ పక్క నుంచి 7 మి.మీ. బయటికి పొడుచుకొస్తుంది. జాబ్‌కు తగలాల్సింది ఆ అంచే, బోల్టు తల కాదు. బేరింగు కడ్డీ కొసన ఉండటానికి కారణం ఉంది. టూల్ పోస్టులో కడ్డీని ఇరుసుకు అడ్డంగా పెడితే, జాబ్ అంచు పైనుంచి కిందికి వెళ్ళే దిశలోనే బేరింగూ దొర్లుతుంది. వేరే దిశలో పెడితే దొర్లదు, ఈడ్చుకుంటుంది.

వాడే పద్ధతి

కొందరు దీన్ని మిషన్ ఆన్ చేసి తక్కువ స్పీడులో వాడతారు. ఈ పాఠంలో ఆ పద్ధతి చెప్పడం లేదు. కారణం మామూలు బుద్ధికే తడుతుంది: ఈ పనికి జాబ్‌ను చక్‌లో వదులుగా పట్టించాలి. వదులుగా ఉన్న ఇనుప పళ్ళేన్ని మోటారుతో తిప్పితే అది ఎగిరి వచ్చే దారిలో మన ముఖం ఉంటుంది. చేత్తో తిప్పినా ఫలితం వస్తుంది.

1. మిషన్ మెయిన్ స్విచ్ ఆపండి. షాపులో మీకు తాళం ఇచ్చి ఉంటే తాళం వేసి, ట్యాగ్ పెట్టండి. గేరు న్యూట్రల్‌లో పెట్టండి.

2. జాబ్‌ను చక్‌లో పెట్టి, కింద పడకుండా, తోస్తే కదిలేంత మాత్రమే బిగించండి. చక్ తాళం తీసి ట్రేలో పెట్టండి. చక్‌కు తాళం వదిలేసి మిషన్ ఆన్ చేయడం లేత్ మీద జరిగే పాత ప్రమాదాల్లో ఒకటి.

3. పనిముట్టును టూల్ పోస్టులో బిగించి, బేరింగు మధ్యభాగం ఇరుసు ఎత్తుకు తీసుకురండి. జాబ్ అంచుకు దగ్గరగా, ఫేసు మీద బేరింగు నిలపండి.

4. ఎడమ చేత్తో చక్ నెమ్మదిగా తిప్పుతూ, కుడి చేత్తో శాడిల్‌నో కాంపౌండ్ స్లైడునో ముందుకు తీసుకెళ్ళండి. ముందుగా తగిలే చోటే ఎత్తు. చుట్టు చుట్టుకూ కొంచెం కొంచెం నెట్టండి. ఒకేసారి నెడితే జాబ్ జాస్ నుంచి జారిపోతుంది.

5. పూర్తి చుట్టంతా బేరింగు ఆగకుండా దొర్లుతోందంటే ఫేసు తిన్నగా వచ్చింది. చక్ తిప్పుతూనే బేరింగును మెల్లగా వెనక్కి తీయండి.

6. చక్ పూర్తిగా బిగించండి, తాళం తీయండి. ఇప్పుడు డయల్ గేజ్ పెట్టి చూసుకోండి. బిగించేటప్పుడు జాబ్ కొంచెం కదలడం మామూలే. ఎంత తేడా ఫరవాలేదో డ్రాయింగు చెబుతుంది, కంటి అంచనా కాదు.

7. పనిముట్టు తీసేసి, గార్డు మూసి, అప్పుడు మాత్రమే మిషన్ ఆన్ చేయండి.

ఫేసు మీద రంధ్రాలు, గాడులు ఉన్న జాబ్‌కు, గరుకుగా ఉన్న పోతపోసిన జాబ్‌కు ఇది వాడొద్దు. బేరింగు గుంటల్లో తట్టుకుంటుంది. సీఎన్‌సీ మిషన్‌లో అసలే వద్దు. తిప్పుతుంటే బేరింగు గరగరమంటే మార్చేయండి.

సెంటర్ తప్పితే?

ఫోర్ జా చక్‌లో ఒక్కో జా విడిగా కదులుతుంది. డయల్ గేజ్ జాబ్ బయటి అంచున పెట్టి, చక్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పండి. ముల్లు మొత్తం 0.20 మి.మీ. కదిలితే సెంటర్ తప్పింది 0.10 మి.మీ. మాత్రమే. ఎప్పుడూ సగమే. ఈ సగం లెక్క మర్చిపోయినవాళ్ళు ఎక్కువ జరిపి మళ్ళీ మొదటికొస్తారు. ఎత్తు ఉన్న వైపుకు ఎదురుగా ఉన్న జా కొంచెం వదులు చేసి, ఎత్తు వైపు జా బిగించండి. ఒక జంట అయ్యాక రెండో జంట. నాలుగు జాస్‌నూ ఒకేసారి వదులు చేయకండి.

ఒంటి మీద ఉన్నవి

లేత్ దగ్గర గ్లవ్స్ వద్దు. పొడుగు చేతుల చొక్కా వద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. చేతికి కట్టుకున్న తోరాలు, దారాలు కూడా తీయండి, పని అయ్యాక మళ్ళీ కట్టుకోవచ్చు. మెడలో గొలుసు, తాళి లోపలికి పెట్టి పైన బిగుతు చొక్కా వేసుకోండి. చున్నీ, జడ, విడిచిన జుట్టు మిషన్ దరిదాపుల్లో ఉండకూడదు. జుట్టు మడిచి టోపీలో పెట్టండి.

2011 ఏప్రిల్‌లో కనెటికట్ రాష్ట్రంలోని యేల్ యూనివర్సిటీ వర్క్‌షాపులో రాత్రిపూట ఒంటరిగా లేత్ మీద పనిచేస్తున్న ఒక విద్యార్థిని జుట్టు మిషన్‌లో చిక్కుకుని చనిపోయింది. చదువూ తెలివీ ఉన్న మనిషి. లేత్‌కు అవేమీ తెలియవు. అందుకే రాత్రిపూట షాపులో ఒంటరిగా లేత్ నడపమంటే ఒప్పుకోకండి, ఇంకొకరు ఉండాలని అడగండి.

ఇక హక్కుల సంగతి

పనిముట్టు మీరే చేసుకున్నారు. దానితో దెబ్బ తగిలింది. "నీ సొంత టూల్ కదా, మాకేం సంబంధం?" అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట నిలబడదు.

ఫెడరల్ ఓషా రూలు 1910.242 మొదటి క్లాజు ప్రకారం, కార్మికులు వాడే పనిముట్లు, పరికరాలు సురక్షితంగా ఉండేలా చూసే బాధ్యత ప్రతి యజమానిదీ. కార్మికుడే తెచ్చుకున్న పనిముట్లు కూడా అందులో ఉన్నాయి. కట్టడం పనికి ఇదే అర్థం ఉన్న రూలు 1926.300. మిషిగన్‌లో ఉద్యోగ భద్రత చట్టాన్ని రాష్ట్ర సంస్థ మియోషా అమలు చేస్తుంది. రాష్ట్ర రక్షణ ఫెడరల్ రక్షణ కంటే తక్కువ ఉండకూడదు. కాబట్టి మీ బేరింగు పనిముట్టు అయినా, తాపీ మేస్త్రీ సొంత రంధా అయినా, వడ్రంగి ఇంటినుంచి తెచ్చిన రంపం అయినా, చూసి సరే అనడమో, వద్దు అనడమో యజమాని పని.

అలాగని దాచి వాడకండి. దాచితే రూలు మీ పక్కన ఉన్నా, నిరూపించడం కష్టం. ముందే ఫోర్‌మన్‌కు చూపించండి. ఇంగ్లీషులో ఇలా అనవచ్చు: "ఐ మేడ్ దిస్ ట్రూయింగ్ టూల్. ప్లీజ్ చెక్ ఇట్ బిఫోర్ ఐ యూజ్ ఇట్." చూపించిన రోజు, ఆయన చెప్పిన మాట ఫోన్‌లో రాసిపెట్టుకోండి. వద్దంటే వాడకండి. కానీ "మరి ఈ పని చేతులు పెట్టకుండా ఎలా చేయమంటారు?" అని మాత్రం తప్పకుండా అడగండి.

టైము, డబ్బు: యజమాని చెప్పిన మీదట, లేదా ఆయనకు తెలిసి, ఆయన పని కోసం పనిముట్టు చేస్తే ఆ టైము పని టైమే. ఇంట్లో గ్యారేజీలో చేసినా సరే. వారానికి 40 గంటలు దాటితే మామూలుగా ఒకటిన్నర రెట్లు కూలి రావాలి. గంటలు మీరు కూడా ఒక పుస్తకంలో రాసుకోండి. పనిముట్లు విరిగాయనో, పోయాయనో జీతంలో కోత పెట్టాలంటే మిషిగన్ చట్టం ప్రకారం మీ రాతపూర్వక అంగీకారం కావాలి, బెదిరించి సంతకం పెట్టించకూడదు. పనికి అవసరమైన మామూలు భద్రతా అద్దాలు, ముఖ కవచం లాంటివి యజమానే కొనివ్వాలి. పవర్ ఉన్న అద్దాలు, ఇనుప టోపీ ఉన్న బూట్లు లాంటి కొన్నిటికి మాత్రం మినహాయింపు ఉంది.

శిక్షణ: భద్రతా శిక్షణ మీకు అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే మాటల్లో ఇవ్వాలి. ఇంగ్లీషు కాగితం చేతికిచ్చి సంతకం పెట్టించుకుంటే శిక్షణ అయినట్టు కాదు. అర్థం కాకపోతే సంతకానికి ముందే చెప్పండి.

దెబ్బ తగిలితే: వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పండి, రాసి ఇవ్వండి. మిషిగన్‌లో యజమానికి తెలియజేయడానికి 90 రోజులు, పరిహారం అడగడానికి మామూలుగా 2 ఏళ్ళు గడువు. మొదటి 28 రోజులు డాక్టర్‌ను ఎంచుకునే హక్కు యజమానికి ఉంటుంది. ఆ తర్వాత మీకు నచ్చిన డాక్టర్ దగ్గరికి పోవచ్చు, ముందు తెలియజేయాలి. వేలు తెగితే యజమాని 24 గంటల్లోపు అధికారులకు చెప్పాలి.

వేళ్ళకు మిషిగన్ చట్టంలో వారాల లెక్క ఉంది. బొటనవేలు పోతే 65 వారాలు, చూపుడువేలుకు 38, మధ్యవేలుకు 33, ఉంగరం వేలుకు 22, చిటికెన వేలుకు 16. వేలి కొస కణుపు మాత్రమే పోతే అందులో సగం. వారానికి వచ్చేది పన్నులు పోగా మీ సగటు జీతంలో 80 శాతం, దానికి పైన ఒక పరిమితి ఉంది. ఈ లెక్క చెప్పింది ఆశ పెట్టడానికి కాదు. చిటికెన వేలు ధర 16 వారాలు, ఆ వేలు లేకుండా బతకాల్సింది మిగతా జీవితమంతా.

ఫిర్యాదు: ఇమిగ్రేషన్ కాగితాలు ఎలా ఉన్నా, సురక్షితమైన పనిచోటు హక్కు మీకు ఉంది. మియోషా ఫోన్ 1-800-866-4674, ఫెడరల్ ఓషా ఫోన్ 1-800-321-6742. మీ పేరు యజమానికి చెప్పవద్దని అడగవచ్చు. భద్రత గురించి అడిగినందుకు పనిలోంచి తీసేసినా, గంటలు తగ్గించినా 30 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. ఈ 30 రోజులు గోడ మీద రాసిపెట్టుకోండి, చాలామంది హక్కు పోయేది ఇక్కడే.

ఇళ్ళ పని చేసే అక్కచెల్లెళ్ళకు: మీరు శుభ్రం చేసే కంపెనీ ద్వారా వెళ్తుంటే పైన చెప్పిన భద్రతా రూల్స్ మీకూ వర్తిస్తాయి. ఒక కుటుంబమే నేరుగా తమ ఇంటి పనికి పెట్టుకుంటే ఓషా రూల్స్ వర్తించవు. కానీ కనీస వేతన చట్టం ఉంది. వారానికి 35 గంటలు లేదా అంతకంటే ఎక్కువ, ఏడాదిలో 13 వారాలు లేదా ఎక్కువ ఒకే ఇంట్లో చేస్తే మిషిగన్‌లో గాయాల పరిహారం కూడా అడగవచ్చు. అందుకే గంటల పుస్తకం మీకు మరీ ముఖ్యం.

మీకు మీరే అడిగి చూసుకోండి

• డయల్ ముల్లు మొత్తం 0.30 మి.మీ. కదిలింది. సెంటర్ ఎంత తప్పినట్టు?
• జాబ్ వదులుగా ఉన్నప్పుడు చక్‌ను చేత్తోనే ఎందుకు తిప్పాలి?
• బేరింగు బిగిసిపోయింది. మొదట ఏం చూస్తారు?
• "నీ టూల్, నీ బాధ్యత" అని ఫోర్‌మన్ అంటే ఏ రూలు చెబుతారు?
• పనిలోంచి తీసేసి 20 రోజులైంది. ఇంకా ఎన్ని రోజులున్నాయి?

మొదటిదానికి జవాబు 0.15 మి.మీ., చివరిదానికి 10 రోజులు. మిగతా మూడూ గదిలో ఉన్నవాళ్ళతో కలిసి చదివి చెప్పుకోండి. లేత్ మీద పనిచేసేవాళ్ళు ఎవరైనా మీ గదిలో ఉంటే ఈ కాగితం వాళ్ళకు ఇచ్చేయండి.